గంగమ్మ తల్లికి ప్రథమ చికిత్స

గంగమ్మ తల్లి నోట్లో గరిటె పెట్టిన మనిషి చిత్తూరు జిల్లా మొత్తానికి ఒక్కతే ఉంది. ఆ ఘనురాలిని నేనే.

మొన్న మా మనవడి బడిలో పెద్దవాళ్ళను పిలిచి, "పిల్లలందరికీ ప్రథమ చికిత్స నేర్పిద్దామా, వద్దా?" అని అడిగారు. అందరూ టకటకా చేతులెత్తేశారు. నేను మాత్రం చెయ్యి సగం ఎత్తి ఆపాను. పక్కనున్న కోడలు, "ఏందత్తా, భుజం నొప్పా?" అంది. నొప్పి కాదు తల్లీ, జ్ఞాపకం. ఆ సగం చేతి కథ మీరు కూడా వినండి. విన్నాక నన్ను ఏ రోగి దగ్గరికీ రానివ్వరు, అది వేరే సంగతి.

అది డెబ్బైల చివర. తిరుపతిలో మాకు ఇత్తడి సామాన్ల అంగడి ఉండేది. నేను ఆడపిల్లల హైస్కూల్లో పదో తరగతి. మా బడిలో ప్రథమ చికిత్స అందరికీ నేర్పేవాళ్ళు కాదు, క్లాసుకు ఒక్క పిల్లకే. మా క్లాసులో ఆ అదృష్టం నాకు పట్టింది. తెలివిని చూసి కాదు, గొంతు చూసి. "ప్రమాదం జరిగిన తావున ముందు జనాన్ని తరమల్ల. నీ అరుపు దానికే పుట్టినాది" అని డ్రిల్లు టీచరమ్మ నన్ను ఎంచుకుంది.

ఇంక చూడండి నా వైభవం. త్రికోణపు కట్టు, విరిగిన ఎముకకు బద్ద, మూర్ఛపోతే ఏం చెయ్యాలి, ఫిట్సు వస్తే ఏం చెయ్యాలి, అన్నీ గడగడా వచ్చేశాయి. రోగులే కరువు. ఆ ఏడాది మా ఇంట్లో ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదంటే నమ్మండి. మా అవ్వ నిద్రపోతుంటే ఆమె మంచి కాలికే బద్ద కట్టాను. ఆమె లేచి, కాలు పడిపోయిందనుకుని వీధంతా వినపడేలా ఏడ్చింది. పాలు పోసే ఆయన నన్ను చూస్తే చాలు, చెంబు గడప మీద పెట్టి పారిపోయేవాడు.

పరీక్షలు అయిపోయాయి. నాకు ఇంటర్ చదవాలని ప్రాణం కొట్టుకుంటోంది. మా నాయన మాత్రం ఒకటే మాట.

"పది సాలు. ఆడబిడ్డ బస్సెక్కి కాలేజీకి పొయ్యేది నాకు ఇష్టం లే."

అమ్మ చెప్పింది, వినలేదు. హెడ్‌మిస్ట్రెస్ ఇంటికొచ్చి చెప్పింది. ఆమెకు మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించాడు. నేను రెండు పూటలు అన్నం మానేశాను. మూడో పూట ఆకలేసి తినేశాను. చివరికి వెళ్ళి మునెమ్మత్త ఒళ్ళో పడి ఏడ్చాను.

మునెమ్మత్త మా నాయనకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే మామ పోతే మా ఇంటికి వచ్చేసింది. ఏడాది పొడుగునా ఆమె గొంతు వంటింటి గడప దాటేది కాదు. "తమ్మయ్యా, అన్నం తిందువు రా" అనడానికి కూడా మొహమాటపడేది. ఆ మనిషికి నా గోడు చెప్పుకుంటే, చేటలో బియ్యం ఏరుతూ, "జాతర రానీలే మే. సూస్తాం" అంది.

"జాతరకీ కాలేజీకీ ఏం సంబంధం అత్తా?"

"నువ్వు గమ్మున ఉండు."

పాపం, పెద్దామెకు నా బాధ అర్థం కాలేదనుకున్నాను.

మీకొక సంగతి చెప్పాలి. ప్రతి ఏడాదీ గంగమ్మ జాతర రోజున మునెమ్మత్తకు పూనకం వచ్చేది. అమ్మవారు ఆమె ఒంటి మీదికి వచ్చి, కావలసింది అడిగేది. మా నాయన ఎవరి మాటైనా కాదంటాడు గానీ, గంగమ్మ మాటకు మాత్రం ఎదురు చెప్పేవాడు కాదు. ఒక ఏడాది, "వంటింట్లో వాన కారతా ఉండాది, కప్పు బాగు సెయ్యి" అంది. చేయించాడు. ఇంకో ఏడాది, "నా బిడ్డల సేతులు నీళ్ళు సేదీ సేదీ కాయలు కాసినాయి, కొళాయి పెట్టించు" అంది. పెట్టించాడు. ఊరంతటినీ కాపాడే తల్లికి మా వంటింటి కప్పు గురించి కూడా పట్టిందే అని నేను ఆశ్చర్యపోయేదాన్ని. అంతకు మించి ఆలోచించే తెలివి నాకు అప్పుడు లేదు.

పిల్లలు జడుసుకుంటారని, ఆ సమయంలో మమ్మల్ని పక్కింట్లోకి తోలేసేవాళ్ళు. కాబట్టి నేను పూనకం గురించి వినడమే గానీ కళ్ళారా చూసింది లేదు. ఆ ఏడాది పదో తరగతి పూర్తయింది కదా, పెద్దదాన్నయ్యానని ఇంట్లోనే ఉండనిచ్చారు. పసుపు నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడటం నా పని. అంతే పని. అది చేసి ఊరుకుని ఉంటే ఈ కథ లేదు.

వీధిలో డప్పులు మొదలయ్యాయి. పెరట్లో వేపమండలు కట్టిన అంబలి కుండ ముందు మునెమ్మత్త మెల్లగా ఊగింది. తర్వాత గట్టిగా ఊగింది. జుట్టు విడిపోయింది. నాయన కర్పూరం పళ్ళెంతో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వచ్చినావా తల్లీ? ఏం కావల్లో అడుగు."

"రేయ్!" అంది అత్త. ఆ గొంతుకు పెరట్లో కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. "నీ ఇంట్లో ఒక ఆడబిడ్డ ఉండాది. దానికి నువ్వు అన్యాయం సేస్తా ఉండావు!"

ఇంత స్పష్టంగా చెబుతున్నా, మాటలెవరు విన్నారు? నేను లక్షణాలు చూస్తున్నాను. కళ్ళు పైకి పోయాయి. పళ్ళు కొరుకుతోంది. ఒళ్ళంతా అదురుతోంది. టీచరమ్మ చెప్పినవి ఒక్కటి కూడా తప్పిపోలేదు. ఇది అమ్మవారు కాదు, ఫిట్సు! ఇన్నేళ్ళుగా వీళ్ళు రోగానికి కర్పూరం వెలిగిస్తున్నారు!

చెంబు విసిరేసి ఒక్క దూకు దూకాను.

"జరగండి! అందురూ జరగండి! గాలి ఆడల్ల!"

నాయన పళ్ళెం ఎగిరిపోయింది. అత్తను పట్టుకుని పక్కకు పడుకోబెట్టాను.

"ఆ బిడ్డని నువ్వు..." అని అమ్మవారు ఇంకా చెబుతూనే ఉంది.

నాలుక కొరుక్కోకుండా పళ్ళ మధ్య గుడ్డ చుట్టిన చెంచా పెట్టాలని మాకు నేర్పారు. ఆ పని చెయ్యనే చెయ్యకూడదని, నోట్లో ఏమీ పెట్టకూడదని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. అప్పుడు నాకు తెలియదు. చెంచా కనపళ్ళేదు. అంబలి గరిటె కనపడింది. దాని కాడకు తువ్వాలు చుట్టి పెట్టేశాను. అది జారకుండా నాయన పైపంచె లాగి, గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా త్రికోణపు కట్టు కట్టాను. నేనే చెప్పుకోకూడదు గానీ, కట్టు చాలా బాగా కుదిరింది.

"అయ్యయ్యో! అమ్మోరి నోట్లో గరిటె దోపిందే!" అని అవ్వ నెత్తి కొట్టుకుంది. "ఇంక ఊరికి ఎవురే దిక్కు?"

"నిమ్మకాయ తెండి!" అని ఒకరు, "తాళంచెవులు సేతిలో పెట్టండి!" అని ఒకరు అరిచారు. ఎదురింటి కమలమ్మ ఎందుకైనా మంచిదని అత్తకు ఒక చేతిలో నిమ్మకాయ, ఇంకో చేతిలో తాళంచెవులు పెట్టింది.

"తియ్యి మే దాన్ని!" అన్నాడు నాయన.

"తియ్యగూడదు నాయనా! నాలిక తెగిపోతాది. ఇది పూనకం కాదు, ఫిట్సు!"

నాయన ముఖం పాలిపోయింది. "ఫిట్సా? మా అక్కకా? ఇన్నేండ్లుగా నేను సూసుకోలేదా?" అని కళ్ళు తుడుచుకున్నాడు. "రేపే ఆస్పత్రికి తీసకపోతా."

నేను గర్వంగా నాడి చూడటానికి వంగాను. అత్త ఒక కన్ను తెరిచింది. ఆ కన్ను అమ్మవారిది కాదు. నేను పొయ్యి మీద పాలు పొంగించినప్పుడు నన్ను చూసే కన్ను. గరిటె పక్క సందులోంచి, నాకు మాత్రమే వినపడేలా అంది:

"తియ్యవే మొద్దూ. నీ కాలేజీ సంగతే సెప్తా ఉండా."

కప్పు గుర్తొచ్చింది. కొళాయి గుర్తొచ్చింది. "జాతర రానీలే" గుర్తొచ్చింది. నా చదువును నా చేత్తోనే గడ్డం కింద నుంచి కట్టేశాను! అది కూడా ముడి మీద ముడి వేసి.

మణికట్టు పట్టుకునే గట్టిగా అరిచాను. "నాయనా! ఫిట్సు కాదు! నాడి సూసినా. ఇది మనిషి నాడి కాదు. అమ్మోరే!"

"నిజంగానా?"

"టీచరమ్మ మీద ఒట్టు!"

నాయన ఆ తడి కళ్ళతోనే చెంపలు వాయించుకున్నాడు. నేను కట్టు విప్పాను. అత్త లేచి కూర్చుంది. జుట్టు విరబోసుకుని, ఆ గరిటెనే త్రిశూలంలా ఎత్తి పట్టుకుంది.

"తప్పు కాయి తల్లీ, తెలీని బిడ్డ" అన్నాడు నాయన. "శిచ్చ ఏందో సెప్పు, తప్పకుండా సేస్తా."

అమ్మవారు నన్ను పైనుంచి కిందికి చూసింది.

"దీనికి సగం సదువు తలకెక్కినాది రా. ఆ సగంతోనే నా నోరు కట్టింది. మిగతా సగం కూడా సదివితే గాని ఈ తిక్క పోదు. కాలేజీలో ఎయ్యి! అదే దీనికి శిచ్చ!"

ఆ శిక్షను నేను తల వంచుకుని స్వీకరించాను. తల ఎత్తితే నవ్వు కనపడుతుందని.

మర్నాడు అత్త మళ్ళీ పాత అత్తే. "నిన్న ఏం జరిగిందో నాకు తెలీదు మే. దవడ మాత్రం పీకతా ఉండాది" అంది అమాయకంగా. వారం రోజులు ఉప్పు మూటతో కాపడం పెట్టాను. బతికున్నంత కాలం ఆమె ఇంకేమీ ఒప్పుకోలేదు. ఆమె లేకపోతే నేను లేను. ఈ మాట ఆమెతో చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది.

కాలేజీలో చేర్చిన రోజు నాయన గేటు దగ్గర నన్ను దింపి, వెళ్ళబోతూ ఆగాడు. "వచ్చే జాతరకి గరిటెలన్నీ దాచిపెట్టమని మీ అమ్మకి సెప్పినా" అన్నాడు. నవ్వాడో లేదో మీసాల చాటున కనపడలేదు. ఆయనకు ఎంత తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇదంతా గుర్తొచ్చి, మొన్న ఆ బడిలో సగం ఎత్తిన చేతిని పూర్తిగా ఎత్తాను. నేర్పండి, అందరికీ నేర్పండి. క్లాసుకు ఒక్కరికే నేర్పితే నాలాంటిది తయారవుతుంది. ఆ రోజు పెరట్లో ఇంకొక్కరికి తెలిసి ఉన్నా, "ఏమ్మే, ఫిట్సొచ్చినోళ్ళు ఇంత చక్కగా మాట్లాడతారా?" అని అడిగేవాళ్ళు.

ఇక నా మటుకు నేను, గంగమ్మ తల్లి సాక్షిగా, నా ఇంట్లోని గరిటెలన్నింటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ముందు ఎవరు ఎంత ఊగినా, ఎంత అరిచినా, వాళ్ళ మాట పూర్తయ్యేదాకా చెయ్యి వెయ్యను. ఏమో, నా సంగతే చెబుతున్నారేమో!