నాస్తికుడి దీవెన

సినిమాను డైరెక్టర్ చెడగొట్టడం మీరు చూసి ఉంటారు. హీరో చెడగొట్టడమూ చూసి ఉంటారు. కానీ ఒక క్రైస్తవ సినిమాను, అదీ భక్తి పొంగి పొర్లే చివరి సీనులో, నిండు మనసుతో చేతులు జోడించి మరీ చెడగొట్టిన మనిషిని చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, నేనే. ఒక కుర్రాడి భవిష్యత్తును, ఒక సంఘం భక్తిని, మా ఆవిడ పరువును ఒక్క దెబ్బకు గంగలో కలపబోయిన కథ ఇది.

అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెప్పేవాణ్ని. ఇప్పటికీ అదే పని, కాకపోతే అప్పుడు జుట్టుండేది. మెట్రో లైను పక్క సందులో మూడో అంతస్తు మాది. కింద మిర్చి బజ్జీల బండి, పైన లేడీస్ హాస్టల్, మధ్యలో నేను. నాతో వాదనకు దిగి గెలిచినవాడు హైదరాబాద్‌లో లేడని నా గట్టి నమ్మకం. మా ఆవిడ ఈ మాట ఒప్పుకోదు. అయితే ఆవిడ వాదించదు, నేరుగా తీర్పే చెప్తుంది కాబట్టి ఆవిడ లెక్కలోకి రాదు.

ఒకరోజు శామ్యూల్ వచ్చాడు. నా దగ్గర బ్యాంకు పరీక్షకు చదివి, మధ్యలో మానేసి, సినిమాలు తీస్తానని తిరుగుతున్న కుర్రాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన పాస్టరు గారి అబ్బాయి.

"సార్, సినిమా తీస్తున్నానండి. చిన్నదే. కాలేజీలో ఒక లెక్చరర్ ఉంటాడు, నాస్తికుడు. పరీక్షకు ముందు ప్రార్థన చేసుకున్న కుర్రాణ్ని క్లాసులో అందరి ముందూ నిలబెట్టి, దేవుడు ఉన్నాడని నిరూపించమంటాడు. ఆ కుర్రాడి విశ్వాసమే కథ. ఆ లెక్చరర్ వేషం మీరెయ్యాలి."

"నేనా? నేను పొద్దున దీపం వెట్టంది చాయ్ గూడ తాగనురా."

"నటనే కద సార్. పైగా మీరు క్లాసు చెప్తుంటే ఎవ్వరికీ దేవుడు గుర్తుకురాడండి."

ఇది పొగడ్తో కాదో మీరే చెప్పండి. నేనైతే పొగడ్తే అనుకుని ఒప్పేసుకున్నాను.

ఒప్పుకున్నాక అసలు సంగతి చెప్పాడు. వాళ్ల నాన్నగారు ఒక షరతు పెట్టారట. "ఒక్క సినిమా తియ్యి. చర్చిలో అందరి ముందూ వేద్దాం. బాగుందనిపిస్తే నీ దారి నీది. లేదంటే నోరు మూసుకుని మళ్లీ బ్యాంకు కోచింగులో చేరు." బ్యాంకు కోచింగంటే ఎవరి దగ్గర? నా దగ్గరే. అంటే సినిమా పాడైతే లాభం మాకే. అయినా ధర్మరాజు లాంటి వాణ్ని కాబట్టి, ఆ కుర్రాడి బతుకు నిలబెట్టాల్సిందేనని తీర్మానించుకున్నాను. అనర్థాలన్నీ ఇలాంటి మంచి ఉద్దేశాలతోనే మొదలవుతాయి.

షూటింగు మా క్లాసురూములోనే. కోచింగ్ సెంటరుకు బోనాల సెలవు ఇచ్చిన రోజు చూసుకుని పెట్టాం. సందు చివర మైకులో పోతరాజు పాటలు హోరెత్తుతుంటే, పాటకూ పాటకూ మధ్య దొరికిన సందులో మేం క్రైస్తవ సినిమా తీయాలి. క్లాసులో కూర్చునే విద్యార్థులు కావాలంటే, ఊళ్లకు పోకుండా హాస్టళ్లలో మిగిలిన నా శిష్యులనే పోగేశాను. కెమెరా అబ్దుల్లాపూర్‌మెట్‌లో పెళ్లిళ్లకు వీడియోలు తీసే యాదన్నది. సాయంత్రం అతనికి ఒక పుట్టినరోజు ఫంక్షన్ ఉంది, కెమెరా తీసుకుని పోవాలి. అంటే ఏం తీసినా ఈ రోజే తీయాలి.

హీరో జోయెల్. ఎల్బీ నగర్ కుర్రాడు, బీటెక్ చదువుతూ చర్చిలో పాటలు పాడతాడు. నటన రాదు గానీ, చూడగానే అన్నం పెట్టాలనిపించే మొహం.

మొదటి టేకు. నేను కళ్లద్దాలు ముక్కు మీదికి దించి గర్జించాను. "దేవుడు ఉన్నడనడానికి ఆధారమేంది?"

జోయెల్ బట్టీ పట్టిన మాట అప్పజెప్పాడు. "గాలి కనిపిస్తుందా సార్? అయినా ఉంది కదా!"

ఇక్కడ నేను బిత్తరపోవాలని స్క్రిప్టులో ఉంది. ఎందుకు బిత్తరపోవాలి?

"గాలిని కొలుస్తం. ట్యూబుల కొడ్తం. పంచరైతే బయటికొస్తది. నీ దేవున్ని ఏ ట్యూబుల కొడ్తవ్?"

నా శిష్యులు బల్లలు చరిచి నవ్వారు. ఇద్దరు నోట్సు కూడా రాసుకున్నారు.

"కట్! సార్, అక్కడ మీరు షాకవ్వాలండి."

"ఎట్లయితరా? ఆర్గ్యుమెంట్ వీకున్నది."

"స్క్రిప్టు సార్."

"స్క్రిప్టుకు లాజిక్ ఉండొద్దా? నా దగ్గర చదువుకున్నోనివి నువ్వు, గిట్ల రాస్తె నా ఇజ్జతేం గావాలె?"

రెండో టేకులో జోయెల్ గడియారం గురించి, దాన్ని చేసినవాడి గురించి చెప్పాడు. దాన్నీ చితక్కొట్టాను. మూడో టేకులో పువ్వుల గురించి ఎత్తుకున్నాడు. పువ్వుల్ని కూడా వదల్లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ రోజు డైరెక్టరే దండం పెట్టినా రీజనింగ్ సారు ఓడిపోనన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు మహా సరదాగా ఉంది. శామ్యూల్ మొహం మాత్రం ఎండిన నిమ్మకాయలా అయింది.

మధ్యాహ్నం అందరం బిర్యానీ పొట్లాలు విప్పాం. జోయెల్ మాత్రం తినకుండా మెట్ల మీద కూర్చున్నాడు. పక్కన కూర్చుని అడిగాను.

"ఏందిరా, తినవా?"

"సార్, ఒకటడుగుతా, కోపం చెయ్యొద్దు. మీరడిగినవాటికి నాకు నిజంగనే జవాబు తెల్వది. స్క్రిప్టుల లేదని గాదు, నా దగ్గరనే లేదు. మస్తు పరేషానైతుంది. నేను ఇన్నొద్దులు నమ్మింది ఒట్టిదేనా సార్?"

నా బిర్యానీ పొట్లం పక్కన పెట్టేశాను. వేషం వేయమంటే, ఎల్బీ నగర్ నుంచి దేవుణ్ని నమ్ముకుని వచ్చిన పిల్లాడికి నిజంగానే దేవుడు లేకుండా చేశాను. జోయెల్‌ను వాళ్లమ్మకు ఏ మొహంతో అప్పజెప్పాలి?

మరి దీనికి మందు? నా దగ్గర అన్ని రోగాలకూ ఒకటే మందుంది. డౌట్ క్లియరింగ్ సెషన్!

"లే, బోర్డు దగ్గరికి రా" అని లాక్కెళ్లాను. నా ప్రశ్నలు నేనే రాసి, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు ఇచ్చి, ఏ ప్రశ్నకు ఏది సరైన జవాబో, దేవుడి తరఫున ఎట్లా వాదించాలో, ఏది వస్తే దేన్ని ఎలిమినేట్ చేయాలో ఊపిరి తీసుకోకుండా చెప్పాను. శిష్యులు కూడా రాసుకున్నారు. జోయెల్ మొహంలో కాస్త రంగు వచ్చింది. ఒక మతాన్ని భోజన విరామంలో నిలబెట్టేశానని మీసం దువ్వుకుంటూ టేకుకు నిలబడ్డాను.

"దేవుడే ఉంటే లోకంల ఇన్ని బాధలు..."

నా మాట పూర్తి కాలేదు. "స్వేచ్ఛ సార్! మనిషికిచ్చిన స్వేచ్ఛ! ఆప్షన్ సి!"

"మరి కనపడడెందుకు..."

"ఆప్షన్ ఏ సార్! బీ, డీ ఎలిమినేటెడ్!"

శిష్యులు ఈలలు వేశారు. శామ్యూల్ తల పట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు. "సార్, ఇది విశ్వాసమా, ప్రిలిమ్సా?"

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. పాస్టరు గారు. షూటింగు ఎలా సాగుతుందో చూద్దామని వచ్చి, ఎప్పటినుంచి నిలబడ్డారో గాని, ఆయన కళ్లు బోర్డు మీది నాలుగు ఆప్షన్ల మీదే ఉన్నాయి. శామ్యూల్ లేచి నిలబడ్డాడు. వాడి కళ్లలో బ్యాంకు కోచింగ్ కనపడుతోంది. పాస్టరు గారు కొడుకును దాటుకుని లోపలికి వచ్చారు. జోయెల్ దగ్గరికి వెళ్లి నెమ్మదిగా అన్నారు.

"సారు చెప్పింది వద్దు, మావాడు రాసింది కూడా వద్దు. నీకు తెలిసింది చెప్పు నాన్నా. అంతే."

యాదన్న వాచీ చూపించాడు. "ఒక్క టేకే తమ్మీ. గదయినంక నేను వోతా." అదృష్టవశాత్తూ సందు చివర మైకు కూడా ఆగింది.

నేను అడిగాను. "చెప్పు. దేవుడు ఉన్నడనడానికి నీ దగ్గర ఆధారమేంది?"

జోయెల్ ఒకసారి బోర్డు మీది ఆప్షన్ల వైపు చూశాడు. తర్వాత నావైపు చూశాడు.

"జవాబు తెల్వది సార్. మా అమ్మకు ఆపరేషన్ అయిననాడు దవాఖాన మెట్ల మీద కూసున్న. ప్రార్థన చేసుకున్న. అమ్మ బతుకుతదో లేదో అప్పుడు నాకు తెల్వది. గానీ ఆ మెట్ల మీద నేనొక్కణ్నే లేనని మాత్రం తెలిసింది. గంతే సార్. మీరు ఇంకేమడిగినా నాకు గంతే తెలుసు."

ఇక్కడ నేను చేయాల్సింది ఒకటే, మాట్లాడకుండా తల వంచుకోవడం. సినిమా మొత్తంలో నాకు అంతకన్నా తేలిక పని లేదు.

కానీ మా నాయన చనిపోయిన ఏడాది నేను కూడా అలాంటి మెట్ల మీదే కూర్చున్నాను. కళ్లలో నీళ్లు నిండాయి. కెమెరా కనపడలేదు, నేను నాస్తికుణ్నన్న సంగతి గుర్తులేదు, ఎవరి సినిమాలో ఉన్నానో అసలే గుర్తులేదు. ఎదురుగా ఒక పిల్లాడు మాత్రమే ఉన్నాడు. మాది నల్గొండ పక్క పల్లె. మా ఇంట్లో గుండె నిండితే నోటికి వచ్చే పేరు ఒకటే. స్టేజీ దిగి వెళ్లి, వాడి తల మీద చెయ్యి పెట్టి, గద్గద స్వరంతో అన్నాను.

"సల్లగుండు బిడ్డా! మా యాదగిరి లక్ష్మీనర్సింహస్వామి నిన్నూ మీ అమ్మనూ కడుపుల వెట్టుకొని సూస్తడు!"

అది చాలదన్నట్టు, సీలింగ్ ఫ్యానుకేసి చూస్తూ రెండు చేతులూ జోడించాను.

జోయెల్ బోరుమని ఏడ్చాడు. నా శిష్యులు ఏడ్చారు. కెమెరా వెనక యాదన్న కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. కట్ చెప్పాల్సిన శామ్యూల్ నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు.

"మంచిగొచ్చింది గదరా?" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"అద్భుతంగా వచ్చింది సార్. కాకపోతే మా సినిమాను తీసుకెళ్లి యాదగిరిగుట్ట మీద దించారండి."

అప్పుడు వెలిగింది నాకు. పాస్టరు గారి వైపు చూసే ధైర్యం లేక బోర్డు తుడిచాను. "ఇంకోపాలి చేద్దాం" అన్నాను గానీ, యాదన్న అప్పటికే కెమెరా సర్దేశాడు. జోయెల్ ఆ మాటలు రెండోసారి చెప్పలేనన్నాడు. ఉన్నది ఆ ఒక్క టేకే.

శామ్యూల్ తెలివైనవాడు. నా పెదాలు కదులుతున్నంతసేపూ చర్చి పిల్లలు పాడిన పాట గట్టిగా పెట్టేశాడు. మాట వినపడదు, మొహం మాత్రం కనపడుతుంది. "ఆమేన్ అన్నారనుకుంటారు సార్, భయం లేదు" అన్నాడు. పాస్టరు గారు మాత్రం "సంఘం చూడనీ" అన్నారట.

సినిమా వేసిన రోజు చర్చి కిక్కిరిసింది. నేనూ మా ఆవిడా వెనక వరసలో కూర్చున్నాం. ముందు కుర్చీలో పాస్టరు గారి తల్లి, శామ్యూల్ నాయనమ్మ. పెద్దావిడ, చెవులు బొత్తిగా వినపడవు. కాబట్టి ఆవిడ గురించి నాకు ఏ బెంగా లేదు.

చివరి సీను వచ్చింది. పాట లేచింది. తెర మీద నేను చెయ్యెత్తి, పెదాలు వణికిస్తూ దీవిస్తున్నాను. చుట్టూ ఆడవాళ్లు కొంగులు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. ఎవరో హల్లెలూయా అన్నారు. గెలిచాంరా శామ్యూల్ అనుకున్నాను. లైట్లు వెలిగాయి. అందరూ ఇంకా కళ్లు తుడుచుకుంటూ మౌనంగా ఉన్నారు.

ఆ మౌనంలో, చెవులు వినపడనివాళ్లు మాట్లాడేంత గట్టిగా, నాయనమ్మ గొంతు ఖంగుమంది.

"బాగా తీశావురా శామ్యూలూ! ఆ మేష్టారు చివర్లో నరసింహస్వామి పేరు చెప్పి దీవిస్తుంటే ఏడుపాగలేదనుకో!"

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావన్నాడట. ఈవిడ ముందు ఊదితే ఏ రాగమో కూడా చెప్పేస్తుంది! చెవులు పోయినప్పటినుంచి ఆవిడ కొడుకు ప్రసంగాలన్నీ ఆయన పెదాలు చూసే వింటోందని నాకెవరూ చెప్పలేదు, కంగారులో శామ్యూల్‌కూ తట్టలేదు. శామ్యూల్ పెట్టిన పాట ఊరందరినీ మోసం చేసింది, ఆవిడకు అసలు వినపడనే లేదు.

చర్చి మొత్తం వెనక్కి తిరిగి నన్ను చూసింది. మా ఆవిడ నిదానంగా లేచి, నేనెవరో తెలియనట్టు రెండు కుర్చీలు అవతలికి వెళ్లి కూర్చుంది. శామ్యూల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పాస్టరు గారు ముందుకు నడిచి, తల్లికి ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా నిదానంగా అడిగారు.

"అమ్మా, మిగతా సినిమా అర్థమైందా?"

"ఎందుకు అర్థం కాదూ? పిల్లాడు జవాబు తెలీదన్నాడు. వాళ్లమ్మకు ఆపరేషనట. మెట్ల మీద తనొక్కడే లేడట. ఒక్క ముక్క పోలేదు."

పాస్టరు గారు సంఘం వైపు తిరిగారు. "మా అమ్మ సినిమాలు చూడటం ఎప్పుడో మానేసింది. మనుషుల మొహాలు కుదురుగా చూపించరు, ఏమీ అర్థం కాదంటుంది. అలాంటిది, ఈవిడకు ఒక్క ముక్క పోకుండా అర్థమైందంటే, మావాడికి సినిమా తియ్యడం వచ్చినట్టే. ఒరేయ్, బ్యాంకు కోచింగు అక్కర్లేదు ఫో."

ముందు ఆయనే నవ్వారు. తర్వాత చర్చంతా నవ్వింది. శామ్యూల్ నాయనమ్మ కాళ్లకు చుట్టుకున్నాడు. జోయెల్ వాళ్లమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి, "మీ దీవెన మాకు ముట్టింది సార్" అని నా చెయ్యి పట్టుకుంది. నాకు మళ్లీ కళ్లు నిండాయి. మా ఆవిడ కూడా, గాలి మారిందని గమనించి, రెండు కుర్చీలూ వెనక్కి జరిగి వచ్చింది. బయటికి వస్తుంటే పాస్టరు గారు నా భుజం తట్టి అన్నారు. "సారుగారూ, మీరు మంచి నటులు. అయినా మా సినిమాల్లో మాత్రం వద్దులెండి."

మెట్రో పిల్లర్ల సాక్షిగా ఆ రోజే కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరి సినిమాలోనైనా సరే, కట్ అన్న మాట చెవిన పడేదాకా ఎవర్నీ దీవించను. ఒకవేళ మనసు ఆగక దీవించాల్సి వస్తే, కెమెరాకు వీపు తిప్పి మరీ దీవిస్తాను. లక్ష్మీనర్సింహస్వామి మీద ఒట్టు.