జాగా మాస్టారు, అక్క చెవి

ఆఫీసులో ఆయన్ని అందరూ జాగా మాస్టారు అనేవారు. సర్క్యూట్ బోర్డుల మీద రాగి గీతలు ఎటునుంచి ఎటు పోవాలో కంప్యూటరులో గీయడం ఆయన పని. ఎవరైనా గీతల్ని ఇరికించి గీస్తే చాలు, వెనకే వచ్చి నిలబడి, "జాగా వదలండి నాయనా, జాగా" అనేవారు. రెండు గీతలు పక్కపక్కనే చాలా దూరం నడిస్తే ఒకదాని సంకేతం రెండోదానిలోకి రొదలా పాకుతుంది. గీత వెడల్పుకు మూడింతల ఎడం ఉండాలి, వీలైతే మధ్యన గ్రౌండుకు కలిపిన రాగి పట్టీ గోడలా ఉండాలి. ఇరవై ఏళ్ళుగా చెప్పిందే చెప్పి అందరి ప్రాణాలూ తీసిన మనిషి, శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, సొంత అక్క దగ్గరే తప్పు చేశారు.

అక్కంటే మామూలు అక్క కాదు. తల్లి పోయాక బట్టలు కుట్టి ఆయన్ని చదివించిన అక్క. కుట్టుమిషను మోత వల్లనో, వయసు వల్లనో, అరవై దాటేసరికి ఆమెకు వినికిడి తగ్గింది. సరిగ్గా అప్పుడే మాస్టారి కంపెనీకి వినికిడి మిషన్ల పని వచ్చింది. "నీ చెవిలోది నేనే గీస్తున్నానక్కా" అన్నారాయన. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆమె ఆ ముక్క చెప్పుకుని మురిసిపోయింది.

ఆ బోర్డు బొటనవేలి గోరంత. అంతా సర్దుకున్నాక, ఆఖరి వారంలో ఇంకాస్త పెద్ద బ్యాటరీ పెట్టాలన్నారు. ఉన్న జాగా కాస్తా పోయింది. మైకు నుంచి వచ్చే గీతలో సంకేతం మహా బలహీనం. దాని పక్కనే, చిప్పుల మధ్య సమాచారాన్ని విడతలు విడతలుగా మోసే గీతను నడిపించాల్సి వచ్చింది. మధ్యనున్న పట్టీని మాస్టారే తీసేశారు. ఎడం చాలదని కంప్యూటరు ఎర్ర గుర్తు చూపించింది. మధ్యాహ్నానికల్లా ఫ్యాక్టరీకి పంపాలి. ఒక్కటే కదా అనుకుని, "ఫర్వాలేదు" అని నొక్కి, కింద తన పొడి అక్షరాలు వేశారు. టెస్టులోనూ పాసైంది. గట్టి శబ్దం వినిపించి కొలిచారు మరి, అందులో సన్నటి రొద ఎవడికి తెలుస్తుంది?

మిషను తయారై చేతికొచ్చాక, పదిహేను రోజులు చెవిలో పెట్టుకుని చూసి అక్క చెప్పింది. "ఒరేయ్, ఎవరైనా మాట్లాడుతుంటే బానే ఉంది. ఊరికే కూచుంటేనే టిక్కు టిక్కుమంటోంది. చెవిలో జోరీగ దూరినట్టుంది."

"అది నీ చెవేనక్కా. కొన్నాళ్ళకి అలవాటైపోతుంది."

"చెవి నాదేరా, టిక్కే నీది" అని నవ్విందామె. ఆయనా నవ్వారు. మూడోసారి చెప్పినప్పుడు మాత్రం విసుక్కున్నారు. "ఏం చేసిపెట్టినా నీకు వంకలేనా?"

ఆ తర్వాత ఆమె ఆ ఊసెత్తలేదు. తమ్ముడు వస్తే మిషను చెవిలో పెట్టుకునేది, వెళ్ళగానే తీసి బొత్తాల డబ్బాలో పడేసేది. ఆ సంగతి ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది. అలా నాలుగేళ్ళు గడిచాయి.

కొత్త మోడలు పని మొదలైనప్పుడు టెస్టింగ్ విభాగంలోని అమ్మాయి పాత బోర్డు పట్టుకొచ్చింది. "సార్, మైకు పూర్తిగా మూసేసి చూశాను. ఏమీ వినపడకూడదు కదా? టిక్కుమంటోంది."

మాస్టారు చెవికి పెట్టుకుని విన్నారు. అక్క చెప్పిన టిక్కే. పాత ఫైలు తెరిస్తే ఎర్ర గుర్తూ, దాని కింద తన పొడి అక్షరాలూ అలాగే ఉన్నాయి. అక్క మూడుసార్లు చెప్పింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ మిషను తీసి తన చెవిలో పెట్టుకుని ఉంటే ఏం పోయేది? సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయారు.

గీతలు రెండింటినీ చెరో అంచుకు జరిపి, మధ్యన పట్టీ వేసి, మళ్ళీ గీశారు. కొత్త మిషను తీసుకెళ్ళి స్వయంగా అక్క చెవిలో పెట్టారు. "ఇప్పుడు టిక్కుందా అక్కా?"

ఆమె ఆయన మొహంలోకి చూసి, అడిగిందేమిటో ఊహించింది. "చప్పుడు శుభ్రంగా ఉందిరా, టిక్కు లేదు. కానీ నువ్వన్నది తెలీలేదు. ఎవరో గోడవతల గొణుగుతున్నట్టుంది."

చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఏళ్ళ తరబడి మాటలు సరిగ్గా చేరకపోతే వాటిని విడదీసి పోల్చుకునే అలవాటు తప్పుతుందన్నాడాయన. సాధన చేస్తే కొంత తిరిగి రావచ్చు, అంతా రాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఇంటికొచ్చాక కుట్టుమిషను పక్కన కూర్చుని, "అక్కా, తప్పు నాదే, నీ చెవిది కాదు" అన్నారు మాస్టారు.

"ఏంట్రా?"

గట్టిగా ఇంకోసారి అన్నారు. ఆమె అర్థమైనట్టు తలూపి, "సర్లే, భోంచేసి వెళ్ళు" అంది.

ఆయన కుట్టుసుద్ద తీసుకుని, నల్లటి గుడ్డముక్క మీద "టిక్కు నాదే" అని రాసి చూపించారు. ఆమె రెండుసార్లు చదివింది.

"నేను అప్పుడే చెప్పాను కదరా" అంది. గొంతులో కోపం లేదు.

మాస్టారు ఇంకేదో చెప్పబోయారు. అక్క కాసేపు ఆయన పెదాల వంకే చూసి, సుద్దముక్క మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది.