గున్నడి కోసం సగం మూసిన కొట్టు

గజపతినగరం బజారులో కిరాణా కొట్టు భీమశంకరరావు ఎలకల మీద పగబట్టిన మనిషి. పప్పుల బస్తాకి కన్నం పడిందంటే ఆ పూట ఆయనకి అన్నం సహించేది కాదు. రాత్రి కొట్టు కట్టేముందు ఎండుకొబ్బరి ముక్క కాల్చి బోనుకి తగిలించడం, దేవుడికి దీపం పెట్టినంత నిష్ఠగా చేసేవాడు. అలాంటివాడి ఇంటికి పంతొమ్మిదివందల అరవై ఐదులో బావమరిది జగన్నాధం ఒక వెదురుబుట్ట పట్టుకొచ్చాడు. అందులోంచి తోకలేని బొద్దు ఎలకలాంటి దాన్ని తీసి అక్క పద్మకుమారి ఒళ్లో పెట్టాడు.

జగన్నాధం విశాఖపట్నంలో ఏదో కాలేజీ ప్రయోగశాలలో పనిచేసేవాడు. అక్కడ వీటి సంతానం ఎక్కువైపోయి అడిగినవాళ్లకి ఇచ్చేస్తున్నారట. దీన్ని గినీ పంది అంటారని చెప్పబోయి, ఎదురుగా అక్క అత్తగారి మొహం చూసి, ఆ రెండో మాట మింగేసి, సీమ కుందేలని సర్దుకున్నాడు. భీమశంకరం తల్లి లక్ష్మీనరసమ్మ మడీ ఆచారం గల మనిషి. దాన్ని ఎగాదిగా చూసి, కుందేలుకి పొడుగు చెవులుంటాయని, ఇది ముమ్మాటికీ ఎలకేనని తేల్చేసింది.

భీమశంకరం మొదట దాన్ని వెనక్కి పంపెయ్యాలనే అనుకున్నాడు. కానీ అది ఆయన వేలు వాసన చూసి, కరకరమంటూ ఒక తోటకూర కాడ మొత్తం ఆయన చేతిలోంచే తినేసింది. అంతే, మనిషి పడిపోయాడు. గున్నడని పేరు పెట్టి, గల్లాపెట్టె పక్కన గోనెగుడ్డ పరిచిన బుట్టలో కూర్చోబెట్టాడు. పొట్లం కట్టడానికి కాగితం చింపితే చాలు, ఆకుకూర వచ్చిందనుకుని గున్నడు వీక్ వీక్ మని ఈల వేసేవాడు. గళ్ల ఉప్పు కొనడానికొచ్చిన వాళ్లు కూడా ఆ ఈల వినడం కోసం ఇంకో అణా పసుపు కొనేవారు.

మనుషులతో భీమశంకరం మాట్లాడేది బహు తక్కువ. గున్నడితో మాత్రం లోకంలో కబుర్లన్నీ చెప్పేవాడు. కూరల జగ్గమ్మ దగ్గర లేత ముల్లంగి ఆకు ఏరుకుంటుంటే, ఇంట్లోకి తీసుకెళ్లే కూరకి ఇంత ఏరుకోవేటి శెట్టీ అని ఆమె నవ్వేది. ఎదురు బట్టలకొట్టు నరసింగరావైతే, ఎలకని గల్లా దగ్గర పెట్టిన వర్తకుణ్ణి ఈ జిల్లాలో మరొకణ్ణి చూపించమని వచ్చేపోయే వాళ్లని అడిగేవాడు. లక్ష్మీనరసమ్మ సరేసరి, రోజూ పొద్దున్న గున్నణ్ణి తిట్టనిదే కాఫీ ముట్టేది కాదు.

అరవై ఎనిమిది చలికాలంలో ఒకరోజు తెల్లారగట్ల గున్నడు రోజూ వేసే ఈల వెయ్యలేదు. భీమశంకరం ఇంట్లోంచి కొట్టులోకి వెళ్లి చూస్తే బుట్టలో ముడుచుకుని చల్లబడిపోయి ఉన్నాడు. ఎవరినీ లేపకుండా పెరట్లో జామమొక్క మొదట్లో గొయ్యి తీసి పాతిపెట్టి, స్నానం చేసి, అలవాటుకొద్దీ కొట్టు తియ్యడానికి వెళ్లాడు. అప్పట్లో కొట్టుకి చెక్క పలకలు. ఒక్కొక్కటీ ఊడదీసి గోడకి ఆనించాలి. సగం తీసేసరికి ఖాళీ బుట్ట కనబడింది. ఇంక చెయ్యి లేవలేదు. అక్కడే కూలబడ్డాడు.

ఆ బజారులో సగం పలకలు తీసిన కొట్టంటే ఆ ఇంట్లో మనిషి పోయినట్టు లెక్క. ఎదురు నుంచి చూసిన నరసింగరావు తన కొట్టూ సగం మూశాడు. ఆ పక్కవాడూ మూశాడు. లక్ష్మీనరసమ్మ కొన్నాళ్లుగా దగ్గుతోందని అందరికీ తెలుసు. ఒక్కొక్కరే వచ్చి తలలు వంచుకుని అరుగు మీద కూర్చున్నారు. అలాంటిచోట ఇంటాయన నోరు విప్పేదాకా ఎవరూ ఏమీ అడగరు.

భీమశంకరానికి గుండె నిండిపోయింది. ఇన్నాళ్లూ వేళాకోళం చేసిన బజారు మొత్తం తన గున్నడి కోసం కదిలొచ్చింది. వీళ్లనా తను అపార్థం చేసుకున్నది? అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. పెద్ద వయసే కదా బావా అని నరసింగరావు వీపు నిమిరాడు. ఆ జాతికి పెద్ద వయసేనని భీమశంకరం ఒప్పుకుని తలాడించాడు. కాసేపాగి, ఎన్నింటికి తీసుకెళ్లాలని నరసింగరావు మెల్లిగా అడిగాడు.

"అయిపోనాది బావా. తెల్లారగట్ల నేనొక్కణ్ణే పెరట్లో జామమొక్క కింద పాతేశాను."

నరసింగరావు ఆయన వీపు మీంచి చెయ్యి తీసేశాడు. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి లక్ష్మీనరసమ్మ కర్ర పట్టుకుని, కాఫీ గ్లాసుతో బయటికొచ్చింది. ఇంతమందేటిరా, ఎవులు పోనారని అడిగింది. మీరేనని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? ఒకరు దగ్గారు, ఒకరు చెప్పు వెతుక్కున్నారు.

భీమశంకరానికి సంగతి అప్పుడు అర్థమైంది. ఒంట్లో బాగులేక కొట్టు తియ్యలేదంటే సరిపోతుంది. పరువు దక్కుతుంది. నిజం చెబితే, ఎలక చచ్చిందని బజారు మూయించిన శెట్టని తను పోయేదాకా చెప్పుకుని నవ్వుతారు. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ ఒక్క మాటతో గున్నణ్ణి తనెరగనట్టే అయిపోతుందనిపించింది.

"గున్నడు పోనాడమ్మా. ఆడి కోసమే ఏడుస్తున్నాను," అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు అరుగంతా పాకబోయింది. నరసింగరావు కండువా నోటికడ్డం పెట్టుకున్నాడు. ముసలమ్మ కర్ర నేలకి ఠక్కున తాటించింది.

"నాకోసమే గదా వచ్చినారు? నేను పోనేదు. పోయినోడి కోసం కూకోండి."

లేవబోయినవాళ్లు కూడా కూర్చున్నారు. ఆవిడ గుమ్మంలో చతికిలబడి, ఆడు ఈలేస్తేనే నాకు తెల్లారేదని గ్లాసులోకి చూస్తూ అంది. కాఫీ తాగలేదు. కొడుకు వెళ్లి తల్లి పక్కన కూర్చున్నాడు.

చాలాసేపటికి నరసింగరావు లేచాడు. చావు జరిగిన ఇంటి నుంచి వెళ్లేటప్పుడు మనవైపు వెళ్లొస్తానని చెప్పరు. మామూలప్పుడైతే రోడ్డు దాటేదాకా నాలుగుసార్లు వస్తాను బావా అనే మనిషి, కండువా సర్దుకుని, భీమశంకరం వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.