పూజగదిలో రోటర్

మా బావకి కారంటే ప్రాణం. నడపడానికి కాదు, కాపాడడానికి. నారాయణగూడలో ఎవరో నవాబుగారి దేవిడీ బంగళా ఖాళీ చేస్తుంటే, పాత విదేశీ రేసు కారొకటి కొని తెచ్చాడు. సీట్లు రెండే, పైకప్పు గుడ్డది, ముందు భాగం మాత్రం మొసలి మూతిలా పొడుగు. దాన్ని అశోక్‌నగర్‌లో మా అద్దె ఇంటి వాకిట్లో పెట్టడంతో అక్కకి ముగ్గు వేసుకునే చోటు పోయింది. బడి మధ్యలో మానేసి వాళ్ళ పంచన చేరిన నాకు మాత్రం కారు తోసే ఉద్యోగం దొరికింది.

చెడిపోయాక బాగుచేయించుకునేవాడు మూర్ఖుడు, చెడిపోకముందే చూసుకునేవాడు జ్ఞాని అని బావ సిద్ధాంతం. రోజూ పొద్దున్నే ఆయిల్ పుల్ల లాగి, తుడిచి, మళ్ళీ ముంచి, డాక్టరు థర్మామీటరు చూసినట్టు వెలుతురుకి పెట్టి చూసేవాడు. రేడియేటర్లో కాచి చల్లార్చిన నీళ్ళు పోసేవాడు. మేము తాగేది కుళాయి నీళ్ళు. ఆదివారం ప్లగ్గులు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, పేపరు మీద వడియాల్లా ఆరబెట్టేవాడు. ఇంతా చేసి ఆఫీసుకి బస్సులో పోయేవాడు. బస్సైతే కారు అరగదట.

దొంగల భయం ఒకటి. కారు ఇంటికి చేరగానే, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల ఉండే రోటర్ని ఊడబీకేవాడు. బొటనవేలంత నల్లటి ముక్క, నెత్తిన ఇత్తడి రేకు. అది లేకపోతే ఇంజను పలకదు. దాన్ని పూజగదిలో పటం వెనక దాచేవాడు. ఆ కారు ఎత్తుకుపోవాలంటే ఏ దొంగైనా ముందు నన్ను పనిలో పెట్టుకోవాలి, తోయడానికి. ఆ మాటంటే బావకి కోపం.

ఇంత సేవ చేసినా కారు వేగం అందుకోగానే ఎక్కిళ్ళు పెట్టేది, ఆగిపోయేది. అందుకే ఎక్కడికి వెళ్ళినా సీట్ల వెనక నన్ను కుక్కేవారు. అది కూడా ముందుజాగ్రత్తే. ఒకసారి సుల్తాన్ బజార్‌లో పట్టుచీర కొనుక్కొస్తుంటే నారాయణగూడ చౌరస్తా నడిమధ్యన ఆగింది. బావ స్టీరింగ్ వదలడు కాబట్టి అక్క దిగి, చీర ప్యాకెట్టు చంకలో పెట్టుకుని నాతోపాటు తోసింది. ఇంటికొచ్చాక నెమ్మదిగానే చెప్పింది.

"ఏమండీ, వచ్చే శుక్రవారం చిక్కడపల్లిలో నా పాట కచేరీకి దీన్లోనే వస్తాను. దారిలో ఆగిందా, మర్నాడే అమ్మేయాలి."

నారాయణగూడ మెకానిక్ దగ్గరికి పరుగెత్తాం. అతను ఇంజను చప్పుడు విని, తలాడించి, మొత్తం విప్పితే తప్ప లాభం లేదన్నాడు. అంత వ్యవధి లేదు. బావ ఇంటికొచ్చి ప్లగ్గుల్ని ఇంకోసారి రుద్దాడు.

శుక్రవారం సాయంత్రం పటం వెనక చెయ్యి పెడితే రోటర్ లేదు. బావ పూజగదంతా తడిమాడు. చివరికి అక్కనడిగాడు.

"ఆ నల్లదా? దేవుడి సామానే అనుకున్నాను. దాని ఇత్తడికి చిలుం పట్టి చూడలేకుండా ఉంటే, కుందులతోపాటు చింతపండు పెట్టి తోమేశాను. పెరట్లో ఎండబెట్టాను చూడండి."

"రోటర్ని... చింతపండుతో..." అని బావ గోడ పట్టుకున్నాడు.

"బావా, ఉప్పు కూడా వేసిందేమో అడుగు. పులుసు పెట్టించుకుందాం," అన్నాను.

తిట్టడానికి కూడా టైము లేదు. కుందుల మధ్య అది దేవుడి కిరీటంలా మెరుస్తోంది. బావ పంచె చెంగుతో తుడిచి, కళ్ళు మూసుకుని బిగించాడు. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది.

చిక్కడపల్లి మా ఇంటికి నడక దూరం. అయినా ఇంజను వేడెక్కాలని బావ నారాయణగూడ చుట్టూ తిప్పాడు. అక్క చౌరస్తా వచ్చేవరకూ ఎక్కిలి కోసం ఎదురుచూస్తూ ప్రసన్నంగా కూర్చుంది. రాలేదు. కారు వెన్నలా పోతోంది. షాపు ముందు నిలబడ్డ మెకానిక్ చప్పుడు విని చెయ్యి అడ్డం పెట్టాడు.

"మస్తు నడుస్తున్నది కదా సార్. ఇంజన్ ఎవరు విప్పిన్రు?"

"మా ఆవిడ," అన్నాడు బావ.

కాసేపయ్యాక అక్క వెనక్కి తిరిగింది. "ఒరేయ్, నేను తోమినందుకేనా ఇది నడుస్తోంది?"

"అవునక్కా. కరెంటంతా ఆ రేకు మీంచే పోవాలి. బావ కారంతా తోమాడు గానీ, దాన్ని దాచుకోవడమే తప్ప ఏనాడూ తోమలేదు."

ఆ సాయంత్రం అక్క పాటలో కరుణరసం పొంగిందని ముందు వరసవాళ్ళు తెగ మెచ్చుకున్నారు.

తర్వాతి శుక్రవారం పెరట్లో తోమాల్సిన కుందుల పక్కన రోటర్ ప్రత్యక్షమైంది. దాని పక్కనే ప్లగ్గులు కూడా.