అక్క రాసిన పొడుగాటి కమాండు

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం పాప అప్పుడే నిద్రలోకి జారుకుంటుండగా, ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసి, కంప్యూటర్లో మీ పాత కమాండు తీసేసి ఇది పెడదామక్కా, ఒక్క లైనుతో అయిపోతది, అని సంబరంగా చెప్పింది. పంపింది తెరిచి చూశాను. లైనులో ఎన్నో మాట కావాలో అంకె వేసి చెబితే చాలు, ఆ మాట మాత్రం తీసి చేతిలో పెట్టే చిన్న పనిముట్టు. మనం కళ్ళు కాయలు కాచేలా నేర్చుకున్న డాలరు గుర్తులు, బ్రాకెట్లు, కొటేషన్లు ఏవీ అక్కర్లేదు. మన రోజుల్లో ఇది ఉంటే ఎంత బాగుండేదో అని ముందు అనిపించింది. తర్వాత, తీసేయాల్సింది ఎవరి కమాండో గుర్తొచ్చి, లేచి వెళ్ళి పాప ఊపిరి ఆడుతోందో లేదో చూసి వచ్చాను. కాన్పయిన నాటి నుంచీ నాకు ఈ అలవాటు ఉంది.

డిగ్రీ కాగానే నేను చేరిన మొదటి ఉద్యోగం ఈ ఆఫీసులోనే. కామారెడ్డిలో ఒక విత్తనాల దుకాణం పైన చిన్న ఆఫీసు. జిల్లాలో రాజంపేట నుంచి బీర్కూర్ దాకా రైతులకు వాన కబురు, విత్తనాల కబురు, వడ్లు కొనే రోజు, అన్నీ ఫోన్ మెసేజులుగా పంపడం మా పని. కాలేజీ ల్యాబు పరీక్షలో తప్ప ఎన్నడూ చూడని నల్లటి కంప్యూటర్ తెర ముందు కూర్చోబెట్టేసరికి మీట నొక్కడానికే జంకాను. పక్క కుర్చీలో ఉన్న సీనియర్ అక్క నవ్వి, భయపడకు పిల్లా, ఇది బీడీల పనే, అంది. ఆమె పుట్టిల్లు ఎల్లారెడ్డి. వాళ్ళ అవ్వ, అంటే అమ్మ, ఆకు కత్తిరించి ముందుకు నూకితే వదిన పొగాకు నింపి చుట్టేదట, అది అందుకుని తాను దారం కట్టేదట. ఈ తెర మీద కూడా అంతే, ఒక కమాండు తన పని చేసి పక్కదానికి అందిస్తుంది, మధ్యలో ఉండే నిలువు గీతే చేతులు మారే చోటు, అని చెప్పింది. ఏ పుస్తకంలోనూ నాకు అంత తేలిగ్గా అర్థం కాలేదు.

మన వైపు పేర్లు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు కదా. తండాల్లో ఒకే మాట పేరు, ఊళ్ళో ఇంటిపేరుతో కలిపి మూడు నాలుగు మాటలు. రైతుల జాబితాలో లైనుకు ముందు పేరు, తర్వాత ఊరు, ఆఖర్న ఫోన్ నంబరు ఉండేవి. నేను ముందు నుంచి లెక్కపెట్టి నంబరు తీయబోతే ఒకసారి పేరు వచ్చేది, ఒకసారి ఊరు వచ్చేది. వెనక నుంచి లెక్కపెట్టు, పేరు ఎంత పొడుగున్నా నంబరు ఆఖర్నే ఉంటది, అనేది అక్క. అట్లా ఆమె రాసిన కమాండు తెర నిండా సాగేది. రోజూ తెల్లవారుజామున, ఆఫీసు తాళం తీయకముందే, దానంతట అదే నడిచేది. మెసేజులు పోయాయో లేదో తెలియడానికి ఆఖర్న తన అవ్వ నంబరు పెట్టుకుంది. ఎల్లారెడ్డిలో వాళ్ళింట్లో కిటికీలో పెడితే తప్ప ఫోనుకు సిగ్నల్ దొరకదు, అక్కడికి చేరిందంటే అంతటా చేరినట్టే అని ఆమె లెక్క. అవ్వకు చదువు రాదు. ఫోన్ టింగుమంటే చాలు, లేచి బీడీలు చుట్టే తునికాకు తడపడానికి అదే ఆమెకు గుర్తు.

అక్క తొలి కాన్పుకు పుట్టింటికి పోతూ, నేనొచ్చేదాక దాన్ని ముట్టకు, నడిచేదాన్ని గెలికితే ఆగుతది, అని నవ్వుకుంటూ బస్సెక్కింది. బిడ్డ పుట్టాక అక్కకు జ్వరం తగిలింది. కామారెడ్డి ఆసుపత్రికి తెస్తుండగానే దారిలో ప్రాణం పోయింది. పసిపిల్లను తండ్రి తరఫువాళ్ళు తీసుకుపోయారు. ఆఫీసులో ఆమె కుర్చీ అట్లాగే ఉంది, ఆమె కమాండు అట్లాగే నడిచింది. పొద్దున నేను పోయేసరికి పని అయిపోయి ఉండేది. ఎవరో వచ్చి చేసి, ఇప్పుడే లేచి వెళ్ళినట్టుండేది. ఎన్నేళ్ళయినా నేను దాన్ని ముట్టలేదు. నాకు నెలలు నిండినప్పుడు మాత్రం ఆమె బస్సెక్కిన తీరే కళ్ళ ముందు తిరిగేది.

ఆ అమ్మాయి ఫోన్ చేసిన రోజు మొదటిసారి దాన్ని పూర్తిగా తెరిచాను. అట్టడుగున అవ్వ నంబరు ఇంకా ఉంది. అంటే ఇన్నేళ్ళుగా రోజూ తెల్లవారి అవ్వ కిటికీలో ఆ ఫోన్ మోగుతూనే ఉంది. ఆ నంబరు రైతుల జాబితాలో లేదు, కొత్తది పెడితే మర్నాటి నుంచి మోగదు. చనిపోయిన బిడ్డ పెట్టిన చప్పుడు రోజూ వినిపించడం ఆ తల్లికి ఓదార్పో శిక్షో నాకు తేలలేదు. అడగకుండా ఆపడానికి మాత్రం మనసొప్పక, ఆ ఆదివారం పాపను చంకనేసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను.

అవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి, ఏంది బిడ్డా గింత సన్నగైనవ్, పాలు సాలుతున్నయా పిల్లకు, అని ముందు నన్నే నాలుగు తిట్టింది. నీళ్ళు తాగి, నసుగుతూ నసుగుతూ విషయం చెప్పాను.

"దానికేంది," అంది అవ్వ. "ఇగ పంపకపోతే పాయె. పిల్లతల్లివి, రోజు పొద్దుగాల నాకోసం లేస్తవా?"

"నేను కాదవ్వా. అక్క పెట్టిపోయింది. అదే నడుస్తున్నది."

అవ్వ చేతిలోని ఆకును చాటలో పెట్టేసింది.

"నువ్వే పంపుతున్నవనుకున్న," అంది. "నా బిడ్డ దోస్తు రోజు నన్ను యాది చేస్తదని వాడకట్టంత చెప్పుకున్న. గిన్నేండ్లు ఎవ్వరు పంపకుంటనే మోగిందా?"

పాప ఏడిస్తే అవ్వే ఎత్తుకుంది.

కొత్త కమాండు పెట్టేశాం. పని ఇంకా చక్కగా జరుగుతోంది, ఆ అమ్మాయి పనితనం మంచిది. అవ్వకు మాత్రం రోజూ పొద్దున నేనే నా ఫోన్ నుంచి పంపుతున్నాను. పాప రాత్రంతా పడుకోనివ్వని రోజున ఆలస్యమవుతుంది, ఒక్కోరోజు మరిచిపోతాను కూడా. వెనకటి రోజుల్లో ఆ చప్పుడు ఒక్కనాడూ తప్పలేదు, అందుకే కాబోలు దాని వెనక మనిషి ఉందో లేదో అడగాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు మెసేజు అందిన మరుక్షణం అవ్వ నాకు ఫోన్ చేస్తుంది, తన సంగతి ఏదీ చెప్పదు. ఉన్నవా బిడ్డా, అంటుంది. ఉన్ననవ్వా, అంటాను. ఇట్లా రాస్తూ కూర్చున్న ఈ వేళ కూడా, రేపు పొద్దున ఆ మాట అనగలగాలనే కోరుకుంటున్నాను.