ట్రాలీ ఎక్కిన అవ్వ

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుట్టు మిషన్ల చప్పుడు ఆగితే నాకు భయమేస్తాండె. మా నాయన జీన్స్ ప్యాంట్లు కుట్టేవాడు. బళ్ళారిలో సత్యనారాయణపేట వెనక సందులో బాడుగ ఇల్లు మాది. ముందు గది నిండా మిషన్లే, నడవాలంటే బట్టల కట్టలు ఎక్కి దిగల్ల. అట్లాంటి ఇంట్లో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయె. ఆర్డర్లు ఇచ్చే షావుకారు సరుకు ఎత్తుకోని పోయినాడు గానీ దుడ్డు ఇయ్యలేదు. ఆ సరుకు కోసం మా నాయన తెచ్చిన అప్పులు మాత్రం ఉండిపోయినాయి.

అప్పటినుంచి ఇంట్లో ఒకటే మాట, ఐపీ. కట్టలేనోళ్ళు కోర్టుకు పోయి, నా దగ్గర ఉండేది ఇదే, దీన్నే అందరికీ పంచండి అని అర్జీ పెట్టుకుంటారు చూడండి, దాన్ని మా పక్క ఐపీ పెట్టడం అంటారు. గట్టిగా మాత్రం ఎవురూ అనరు. మా అమ్మ అన్నం వడ్డిస్తా గుసగుసగా అడిగేది, జైల్లో ఏస్తారా, తాళిబొట్టు తీసుకుంటారా, గిన్నెలు గూడా పోతాయా అని. నాయన వకీలు చెప్పినవి చెప్పేవాడు. కట్టలేకపోయినందుకు జైలు లేదంట, ఉండేది దాచిపెడితేనే తప్పంట. కట్టుకునే బట్టలు, వండుకునే గిన్నెలు, తాళిబొట్టు ముట్టుకోరంట. చేతిపని చేసుకోని బతికేకి కావాల్సిన సామాను ఇడిసిపెడతారంట గానీ, గది నిండా మిషన్లు అంటే ఒప్పుకోరంట. నేను గోడకు ఆనుకోని వింటాంటి. కాలు ఒక చోట నిలిచేది కాదు. ఇంట్లోకి, వాకిట్లోకి, మళ్ళీ ఇంట్లోకి. నా సైకిలు సంగతి ఒక్కరూ అడగరే అని.

మా సందులో ఐపీ పెట్టేవాళ్ళకు ఒక పద్ధతి ఉండె. ముందు సామానంతా చుట్టాల ఇండ్లకు దాటిస్తారు. ఆమీద ఇంటికి బీగం ఏసి, భార్యాబిడ్డలతో ఆమె పుట్టింటికి పోతారు. అప్పు ఇచ్చినోళ్ళు వచ్చి ఆ బీగాన్నే తిట్టి పోవల్ల. మా మామ, అంటే మా మేనత్త మొగుడు, అదే మేలని తెక్కలకోట నుంచి ట్రాక్టరు తెచ్చినాడు. పట్టపగలే. వడ్లు తోలే ట్రాలీ అది, దాంట్లో పొట్టు ఇంకా అట్లనే ఉండె.

"ఏం చూస్తాండావు బావా, ఎక్కించు. కోర్టోళ్ళు రాసుకోకముందే మా ఇంట్లో పడితే ఎవురికి తెలుస్తాది?" అనె మామ.

నాయన వకీలు మాట మర్చిపోలేదు, ఇంటల్లుని మాట కాదనలేడు. చేతులు మాత్రం మిషన్లు ఎత్తి పెడతాండాయి. మా అమ్మ బట్టలు మూట కట్టింది.

ఈడ మా అవ్వ గురించి చెప్పల్ల. మా నాయన తల్లి. మా మామ ఆమెకు అల్లుడు. మాలో అత్త అల్లుని ఎదురుగా నిలబడదు, నేరుగా మాట్లాడదు. మామ వస్తే అవ్వ తలుపు చాటుకు పోయి, "మీ మామ కాఫీ తాగుతాడేమో అడుగు పాపా" అంటాది. ఆయప్పకు అది వినిపిస్తానే ఉంటాది, అయినా నేను అడిగినాకనే జవాబు చెప్తాడు. అట్లాంటి అవ్వ ఆ పొద్దు చెంగు తల మీదికి లాక్కోని, స్టూలు ఏసుకోని ట్రాలీ ఎక్కి, మిషన్ల నడుమ పొట్టులో కూర్చునె.

మామ గబుక్కున మొగం పక్కకు తిప్పుకునె.

"పాపా, మీ మామకు చెప్పు," అనె అవ్వ, ఇంకో పక్కకు చూస్తా. "నేను గూడా ఈ ఇంటి సామానే. దాచేదుంటే నన్నూ దాయమను."

నేను పోయి చెప్పినాను. "మీ అవ్వను దిగమను పాపా, బండి తీయల్ల" అనె మామ.

"అడిగినోళ్ళకు అబద్ధం చెప్పేకి నాకు పండ్లు లేవు, మాట జారిపోతాది. అందుకే నన్ను గూడా దాయమంటాండా."

అల్లుడు అత్తను చెయ్యి పట్టి దించలేడు. ఆమె కూర్చున్న ట్రాలీని గుంతల్లో ఎగరేసుకోని పోలేడు. ట్రాక్టరు డుగుడుగుమంటా సందుకు అడ్డంగా నిలబడె. నేను ఆడ్నించి ఈడికి, ఈడ్నించి ఆడికి మాటలు మోస్తా పరిగెత్తుతాంటి. ఆ చప్పుడుకు సందంతా గుమిగూడె. దారాల అంగడి సాయిబు వచ్చె, జిప్పులు అప్పుకు ఇచ్చే ఆయప్ప వచ్చె, పక్కింటి అక్క చంకలో బిడ్డనేసుకోని వచ్చె.

"ఏనప్పా, ఊరిడిసి పోతాండావా?" అనె జిప్పుల ఆయప్ప.

ఇంగ మా నాయనకు దాక్కునేకి చోటు లేకపోయె. ట్రాక్టరు ఆపించి, వచ్చి గడప మీద కూర్చున్నాడు. "యాడికీ పోను. ఐపీ పెడతాండా. అడిగేది అడగండి" అన్నాడు. ఆ మాట గట్టిగా అంటే ఎట్లుంటాదో అప్పుడే నేను వినింది.

అడిగినారు. ఐపీ పెట్టింది మాకు తెలిసేదెట్ల అన్నారు. అందరి పేర్లూ అర్జీలో రాయిస్తా, కోర్టు నుంచి నోటీసు వస్తాది అన్నాడు నాయన. ఇచ్చిందంతా వస్తాదా అంటే రాదన్నాడు. మిషన్లు అమ్మగా వచ్చింది అందరికీ పంచుతారు, ఎంత వస్తాదో తెలీదు, ఏండ్లు గూడా పట్టొచ్చు అన్నాడు. సాయిబు "నిన్ను నమ్మితిమి కదా భాయ్" అని తల పట్టుకునె. జిప్పుల ఆయప్ప నోటికొచ్చినట్ల తిట్టె. నాయన తిట్లు తింటా కూర్చున్నాడు గానీ లేవలేదు.

పక్కింటి అక్క ఆఖర్న అడిగె. వాళ్ళాయన మా నాయనకు ఒక బ్యాంకు అప్పులో జామీను నిలబడి ఉండె, నాయన కట్టకపోతే ఆయన కట్టల్ల. "అన్నా, నువ్వు ఐపీ పెడితే మా జామీను గూడా పోతాది కదా?"

నాయన పోతాది అనేస్తే బాగుండు అనిపించె నాకు.

"పోదమ్మా," అన్నాడు. "బ్యాంకోళ్ళు నన్ను ఇడిసినా మిమ్మల్ని ఇడవరు. మీ ఇంటికే వస్తారు."

అక్క బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకోని పోయి తలుపేసుకునె. ఆ తలుపు చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తాది.

మిషన్లు దించింది ఎవురనుకున్నారు? తిట్టినోళ్ళే. సాయిబు ఒక పక్క, మా మామ ఒక పక్క పట్టుకోని దించినారు. అన్నీ దిగినాక అవ్వ దిగె. దిగి, తలుపు చాటుకు పోయి, "మీ మామను అన్నం తిని పొమ్మను పాపా" అనె, ఏమీ జరగనట్ల.

తర్వాత కోర్టు తరఫున వచ్చి రాసుకున్నారు. నా సైకిలు గూడా ఉండాదని నాయనే చెప్పినాడు. రాసుకునే ఆయన నన్ను చూసి, చిన్నపిల్లది ఎందుకప్పా అని ఇడిసిపెట్టె. మిషన్లు పోయినాయి, ఒకటి మిగిలె. దాని మీద కుట్టిన కూలి తీసుకపోయి మా నాయన పక్కింటి అక్క చేతిలో పెడతాండె, వాళ్ళు బ్యాంకుకు కట్టుకునేకి. అక్క తీసుకునేది గానీ మాట్లాడేది కాదు. అప్పు తీరకముందే ఒక పొద్దు, బిడ్డ గౌను చినిగిందని తెచ్చి మా గడప మీద కూర్చునె. మా అమ్మ కాఫీ పెట్టేకి లోపలికి ఉరికె.

ఇప్పుడు ఆ మిషన్ మీద నేను కుడతాండా. అనుకున్న పొద్దుకు పని ఇయ్యలేకపోతే, వాకిట్లో బండి ఆగిన చప్పుడుకే అప్పటి మాదిరే లేచి ఇంట్లో ఊరికే తిరుగుతా. లేనని చెప్పిద్దామా అనుకుంటా. అప్పుడు మా అవ్వ, చెంగు కప్పుకోని, పొట్టులో కూర్చోని, నన్ను చూడకుండా పక్కకు చూస్తా కనిపిస్తాది.

ఇంగేముంది, పోయి తలుపు తీస్తా.