జత లేని సెట్టులో గొంతు

ముందుగా నా దేవునికి స్తోత్రం. ఈ ఉదయం నా ఇంట్లో అందరం లేచి కూర్చున్నామంటే అది ఆయన కృప. ఏ సంగతి చెప్పినా ఆయనను స్తుతించాకే నోరు తెరవాలని మా అవ్వ నేర్పింది.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. చనిపోయినవాళ్లు మన మధ్య తిరుగుతారని వాక్యం చెప్పదు. పదిహేనేళ్లుగా సండే స్కూల్‌లో పిల్లలకు అదే చెబుతున్నాను. కనుక దీన్ని దయ్యం కథగా చదవకండి. మరి ఏమని చదవాలంటే నాకూ తెలియదు. అదే నా బాధ. నిజం చెప్పాలంటే బాధ కంటే విసుగే ఎక్కువ.

మాది సురంగల్. అజీజ్‌నగర్ దగ్గర ఒక రిసార్ట్‌లో స్టోర్ చూసుకుంటాను. సామాను కొనడం నా పని. రిసార్ట్ వెనుక చెరువులో గెస్టులను తిప్పడానికి ఒక మోటారు పడవ ఉంది. దాన్ని నడిపింది మా మరిది డానియేలు. ఆటో బోల్తా పడి కాలు విరిగాక అతను నిలబడి చేసే పని ఏదీ చేయలేకపోయాడు. ఇది కూర్చుని చేసే పని. రిసార్ట్ ఓనరు సార్‌ను బతిమాలి నేనే ఇప్పించాను. ఇది పోతే మరొకటి దొరకదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

చెరువు మధ్యలో ఒక మట్టిదిబ్బ ఉంది. దాని వెనక్కి పోతే పడవ ఒడ్డుకు కనిపించదు, ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. ఎండాకాలంలో ఒకరోజు సరిగ్గా అక్కడే మోటారు ఆగిపోయింది. గెస్టులు గంటసేపు ఎండలో మాడారు. ఆ మరునాడు సార్ పిలిచి, సముద్రంలో పడవలవాళ్లు చేతిలో పట్టుకునే రేడియో ఒకటి తెమ్మన్నారు.

దానికోసం నేను పడిన తిప్పలు చెప్పలేను. ఆన్‌లైన్‌లో తెప్పించిన మొదటిదాన్ని స్టోర్‌లో బకెట్ నీళ్లలో వేస్తే నేరుగా అడుగుకు పోయింది. తిప్పి పంపాను. రెండోది తేలింది కానీ బోర్లా తేలింది. పైగా బటన్లు ఎంత చిన్నవంటే, తడి వేలితో ఒకటి నొక్కితే రెండు దిగేవి. అదీ తిప్పి పంపాను. చివరికి సిటీలో ఒక పాత దుకాణం దొరికింది. దుకాణం పెద్దాయన నా ముందే తొట్టిలో నీళ్లు పోసి ఒక సెట్టు వేశాడు. వెల్లకిలా తేలింది. పక్కన ఒకే పెద్ద బటన్. ఛార్జింగ్ అయిపోతే మామూలు సెల్లులు వేసుకునే వీలు కూడా ఉంది. లైసెన్సు కాగితాల సంగతి కూడా ఆయనే చెప్పాడు. ఇక చాలు, ఇదే అనుకున్నాను.

"ఒక్కటి ఏం జేసుకుంటరమ్మా?" అన్నాడు. "సముద్రంల అయితే పదహారో ఛానల్ మీద ఎవరో ఒకరు వింటనే ఉంటరు. మీ చెరువుల ఎవరు వింటరు, చేపలా?"

అక్కడి నుంచే సార్‌కు ఫోన్ చేశాను. ఒకటి పడవలో, ఒకటి ఒడ్డున, రెండు కావాలన్నాను.

"ఒక్కటి చాలమ్మా. గెస్టులకు కనబడితే ధైర్యముంటది. ఫొటోల గూడ మంచిగొస్తది."

ఎంత చెప్పినా అదే మాట. ఒంటి సెట్టుతో ఇంటికొచ్చాను. డానియేలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"వదినా, ఒక్క కాలు చెప్పు తెచ్చినట్టున్నది. నా కుంటికాలుకు చాలనుకున్నవా?"

మాలో కొత్త వస్తువు ఏదైనా, బోరు మోటారైనా కుట్టుమిషనైనా, ప్రార్థన చేయనిదే వాడం. మొదటి రోజు డానియేలు సెట్టు నోటి దగ్గర పెట్టుకుని, బటన్ నొక్కి పట్టి ప్రార్థన చేశాడు. అంతటితో ఆగలేదు. పడవ తీసే ప్రతిసారీ అదే వరస.

"బ్యాటరీ ఊకె ఖరాబ్ జేస్తున్నవు," అని కోప్పడ్డాను.

"అవుతల ఎవ్వరు లేరు గద వదినా. నాకూ దేవునికి డైరెక్ట్ లైను."

ఒక శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఒక కుటుంబం వచ్చింది, ఆరుగురు. లైఫ్ జాకెట్లు ఇవ్వడానికి నేను పడవ దగ్గరే నిలబడ్డాను. డానియేలు బటన్ నొక్కి ప్రార్థన మొదలుపెట్టాడు. రెండు మాటలు అన్నాడో లేదో, సెట్టులోంచి ఒక గొంతు వచ్చింది.

మా కూటాల్లో ఒకరు ప్రార్థిస్తుంటే వెనుక చాప మీద కూర్చున్న పెద్దవాళ్లు మెల్లగా వంత పలుకుతుంటారు. అచ్చం అలాగే ఉంది. ముసలామె గొంతు. తొందర లేదు. "అవును తండ్రీ... అవును తండ్రీ..."

డానియేలు కళ్లు మూసుకునే ఉన్నాడు. నేను వంత పలుకుతున్నాననుకున్నాడట. "మమ్ముల నీళ్ల మీదికి తోల్కపొయ్యి మల్ల ఒడ్డుకు తే తండ్రీ," అన్నాడు.

"వద్దు తండ్రీ," అన్నది ఆ గొంతు.

అతను కళ్లు తెరిచాడు. గెస్టుల్లో ఒక అమ్మాయి నవ్వుతూ, "అవుతల ఎవరు ఆంటీ? మంచిగ జవాబు చెప్తున్నరే," అని నన్నడిగింది. విన్నది మేమిద్దరమే కాదని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను. ఇంకొకటి కూడా రాయాలి. అప్పటికీ డానియేలు బొటనవేలు బటన్ మీదే ఉంది, గోరు తెల్లబడేంత గట్టిగా.

అతను పడవ తీయనన్నాడు. గెస్టులు గొడవ చేశారు. సార్ వచ్చారు.

"రేడియోల ముసలామె వద్దన్నదని పడవ తియ్యవా? అయితే జీతం గూడ ఆమెనే అడుగుపో."

"నేను గూడ విన్న సార్," అన్నాను.

"నువ్వు గూడనా?" అని నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. డానియేలు పని అక్కడికక్కడే పోయింది.

ఆ సాయంత్రం గాలివాన వచ్చిందా? రాలేదు. ఆకు కదలలేదు. పడవను ఒడ్డుకు లాగి చూశారు, చిల్లు లేదు. మోటారు ఒక్క గుంజుకే మోగింది. మరునాడు కొత్తతను వచ్చాడు. అప్పటి నుంచి ఆ పడవ పోతూనే ఉంది, వస్తూనే ఉంది.

సెట్టు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. పెద్దాయన విప్పి చూసి ఏ లోపమూ లేదన్నాడు. "బటన్ నొక్కితే సెట్టు మాట్లాడుతదమ్మా, వినదు. రెండో సెట్టు పక్కనే పెట్టినా గంతే." పక్క రిసార్ట్ వాచ్‌మెన్ల వాకీటాకీల గురించి అడిగాను. అవి వేరే రకం, ఇందులో పలకవన్నాడు.

మా పాస్టరు అయ్యగారికి చెప్పి, సంఘంలో సాక్ష్యం చెప్పనా అని అడిగాను. "దేవుడు ఏం తప్పించిండో చెప్పాలె గదమ్మా. ఏం జరగకపాయె," అన్నారాయన. తప్పు పట్టలేను. కానీ ఆ రోజు పడవ మునిగి, వీళ్లంతా ఈది బయటపడినా బాగుండేదని ఒకసారి అనుకున్నాను. ఆ తలంపుకు మోకరించి క్షమాపణ అడిగాను.

డానియేలు మోకిలలో ఒక ప్లాట్ల వెంచర్‌కు వాచ్‌మెన్ పనికి వెళితే, నడక చూసి పంపించేశారు. ఇంట్లోనే ఉంటున్నాడు. ఒక్క మాట కూడా నన్ననడు. బుధవారం కూటానికి వస్తాడు, చాప మీద కూర్చుంటాడు. ప్రార్థించే వంతు తన దగ్గరికి రాగానే పక్కవాళ్ల మోకాలు తట్టి దాటవేస్తాడు. పైకి ప్రార్థించడం మానేశాడు.

అది దేవుని మాట అయితే ఒక కుంటివాడి పని ఎందుకు పోయింది? కాకపోతే ఆయన పేరు పెట్టి జవాబిచ్చింది ఎవరు?

ఇది చదివిన మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. తండ్రీ, ఆ గొంతు ఎవరిదో మాకు చెప్పకపోయినా సరే. మా డానియేలుకు కూర్చుని చేసుకునే పని చూపించు. అతని నోరు మళ్లీ తెరువు. ఆమేన్.